అడిగి వేయాల్సిన టీకా

(డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్మారక ఉపన్యాసం)



అచ్చమాంబ గారు అనగానే చాలామందికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ గారు గుర్తుకొస్తారు. ఆవిడ వేరు. ఆవిడ కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. మనం ఇవాళ తలచుకుంటున్నది ఆయన కూతురిని. ఆ మేనత్తకు ఈ మేనకోడలు. 1906లో పుట్టిన ఈ అచ్చమాంబ గారు వైద్యం చదివి బెజవాడలో స్త్రీల డాక్టరుగా స్థిరపడ్డారు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేశారు. తర్వాత కాంగ్రెస్ తరఫున నిలబడి 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1964లో కన్నుమూశారు. ఆమె రాజకీయాల గురించి మాట్లాడేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు, ఆ పని వాళ్లకే వదిలేస్తాను. నా మటుకు ఆమె చేసిన గొప్ప పని ‘ప్రసూతి–శిశుపోషణ’ అని తెలుగులో పుస్తకం రాయడం. డాక్టరుకు తెలిసినది చదువుకున్న ఆడమనిషికి నేరుగా, ఆమె భాషలో, భర్తా అత్తగారూ మధ్యలో లేకుండా చెప్పొచ్చని ఆమె నమ్మారు. ఈ మాట ఇప్పుడు మామూలుగా వినిపిస్తుంది. ఇప్పటికీ మన ఆస్పత్రుల్లో రోగి పక్కనే కూర్చుని ఉంటే, డాక్టరు ఆమె భర్తతో మాట్లాడుతుంటాడు. మీరు నవ్వుతున్నారంటే చూసినవాళ్లే అన్నమాట.

ఇవాళ నేను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెప్పించే హెచ్‌పీవీ గురించి, దాని టీకా గురించి మాట్లాడాలి. చెప్పదలచింది ఒక్కటే. ఇది మంచి టీకా. అయినా మన గడ్డ మీద ఒకసారి ఓడిపోయింది. ఆ ఓటమికి కారణం మందులో లేదు. పిల్లనూ, పిల్ల తల్లినీ కూర్చోబెట్టి చెప్పకుండా, అడగకుండా వేయడంలో ఉంది. మళ్లీ ఓడిపోతే ఈసారి కూడా అక్కడే ఓడిపోతుంది.

1

ముందు జబ్బు సంగతి. 1842లో ఇటలీలోని వెరోనాలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడు ఊరి మరణాల రిజిస్టర్లు తిరగేశాడు. గర్భాశయ క్యాన్సర్‌తో పోయినవాళ్లలో పెళ్లయిన స్త్రీలే ఎక్కువ. మఠాల్లోని సన్యాసినుల్లో అది అరుదు. లైంగిక సంబంధంతో దీనికేదో ముడి ఉందని అప్పుడే అర్థమైంది. ఆ ముడి ఏమిటో తేలడానికి మరో నూట నలభై ఏళ్లు పట్టింది. ప్రపంచమంతా హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తున్న రోజుల్లో జర్మనీకి చెందిన హారాల్డ్ త్సూర్ హౌసెన్, పులిపిర్లు పుట్టించే పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) మీద పట్టుబట్టి కూర్చున్నాడు. ఆయన బృందం 1983లో ఈ క్యాన్సర్ కణితుల నుంచి హెచ్‌పీవీ 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని వేరుచేసింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చాలా రకాలు పులిపిర్లతో సరిపెట్టుకుంటాయి, లేదా ఏమీ చేయవు. డజను పైచిలుకు రకాలు మాత్రం క్యాన్సర్‌కు దారితీస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్బై 16, 18 రకాల పుణ్యమే. చర్మానికి చర్మం, పొరకు పొర తగలడం వల్ల ఇది అంటుకుంటుంది. కంటికి కనపడని చిన్న గీతలోంచి లోపలికి దిగి, పొరల అట్టడుగున ఉన్న కణాల్లో కాపురం పెడుతుంది. రక్తంలోకి రాదు, జ్వరం తెప్పించదు, వాపు ఉండదు. అందుకే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఆలస్యంగా గమనిస్తుంది. అయినా గమనిస్తుంది. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోనివాళ్లలోనే చిక్కు. వైరస్ తయారుచేసే ఇ6, ఇ7 అనే రెండు ప్రొటీన్లు కణంలోని రెండు కాపలా ప్రొటీన్లను దెబ్బతీస్తాయి. ఒకటి దెబ్బతిన్న కణాన్ని ఆపి చంపేది, ఇంకొకటి కణ విభజనకు కళ్లెం వేసేది. ఆ రెండూ పోయాక కణం ఇష్టమొచ్చినట్టు పెరుగుతుంది. ఇదంతా జరిగి క్యాన్సర్‌గా తేలడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఇంకా త్వరగా జరుగుతుంది.

మగవాళ్లు తమకు సంబంధం లేదనుకోవద్దు. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలో కూడా ఈ వైరస్ చేయి ఉంది. ఆస్ట్రేలియా 2013 నుంచి మగపిల్లలకూ టీకా వేస్తోంది.

క్లినిక్‌లో రిపోర్టు చేతిలో పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న, “డాక్టరమ్మా, ఇది మా ఆయన వల్లే వచ్చిందా?” అని. మొగుణ్ని బయటికి పంపి అడిగేవాళ్లున్నారు, వాడు వింటుండగానే అడిగేవాళ్లూ ఉన్నారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్ ఇది. శీలానికి సర్టిఫికెట్ కాదు. ఈ ఒక్క సంగతి ఊళ్లలోకి సరిగ్గా వెళితే, పరీక్షకు రావడానికి సిగ్గుపడేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం.

2

ఈ జబ్బు చరిత్రలోనే అడగకపోవడం మొదటి నుంచీ ఉంది. 1951లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. ఐదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వారం దగ్గర గడ్డ. చికిత్స చేస్తూ అందులోంచి చిన్న ముక్క తీసి పరిశోధనశాలకు పంపారు. ఆమెను అడగలేదు. ఆ ఏడాది అక్టోబరులో, 31 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. కణాలు మాత్రం చావలేదు. హీలా కణాలన్న పేరుతో ప్రపంచమంతా తిరిగాయి, పోలియో టీకా పరీక్షలకూ పనికొచ్చాయి. కుటుంబానికి ఈ సంగతి ఇరవై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. త్సూర్ హౌసెన్ బృందం ఆ కణాల్లో వెతికితే హెచ్‌పీవీ 18 దొరికింది. ఆమెను చంపింది అదే.

మన దేశంలో అడగకపోవడం వేరే రూపంలో ఉంటుంది. 2022కు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదిలో ఈ క్యాన్సర్ సుమారు 1,27,000 మందికి కొత్తగా వచ్చింది, 80,000 మంది దాకా చనిపోయారు. రోజుకు రెండు వందల మందికి పైనే. వీళ్లలో చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే ముదిరి ఉంటుంది. సంసారం చేశాక రక్తం పడుతున్నా, ముట్లుడిగిన ఐదేళ్లకు మళ్లీ మరక కనిపించినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఏడాది పాటు ఎవరితోనూ అనరు. పొలం పనులు అయ్యాక చూద్దాం, పిల్ల పెళ్లి అయ్యాక చూద్దాం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. అది మన రెండు తెలుగు రాష్ట్రాలకూ తలవంపు. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. వీళ్లలో ఎంతోమందికి ముందు భయం పెట్టారు. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ముప్పై ఏళ్ల మనిషికి “ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది” అని చెప్పి ఆపరేషన్ బల్ల ఎక్కించారు. పరీక్షకేమో ఎవరూ పిలవరు, క్యాన్సర్ భయంతో సంచీ తీయించుకోవడానికి మాత్రం వరసలో నిలబడతారు. రెండూ ఒకే తెలియనితనం లోంచి వచ్చినవే.

3

ఇప్పుడు, ఈ టీకా ఓడిపోయిన ఖమ్మం దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

టీకా ఎలా వచ్చిందో ముందు రెండు ముక్కలు. 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ ఝౌ కలిసి వైరస్ పైతొడుగుకు పనికొచ్చే ప్రొటీన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. అది తనంతట తానే గుండ్రటి డొల్లగా అమరుతుంది. చూడ్డానికి అచ్చు వైరస్సే, లోపల జన్యుపదార్థం ఉండదు. అందుకే దానివల్ల జబ్బు రాదు, క్యాన్సర్ రాదు. శరీరం దాన్ని చూసి వైరస్ వచ్చిందనుకుని రక్షణ సిద్ధం చేసుకుంటుంది. ఇలా తయారైన గార్డసిల్ టీకాకు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. వైరస్ తగలకముందే వేస్తే ఫలితం బాగుంటుంది కనుక చిన్న వయసులో వేస్తారు.

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. సుమారు పద్నాలుగు వేల మంది పిల్లలు. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే నడిచింది. ఖమ్మంలో వేయించుకున్నవాళ్లలో గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు చాలామంది. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉంటారు, పిల్ల హాస్టల్‌లో ఉంటుంది. మరి అంగీకార పత్రం మీద సంతకం ఎవరు పెట్టాలి? ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు పెట్టొచ్చని పైనుంచే ఆదేశాలు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ఫారాల్లో రెండు వేలకు పైగా వార్డెన్ల సంతకాలతోనే ఉన్నాయని తర్వాత తేలింది. మరో రెండు వేల దగ్గర ఫారాల మీద వేలిముద్రలున్నాయి. ఆ వేలు ఎవరిదో, వాళ్లకు ఏం చదివి వినిపించారో ఫారం చెప్పదు.

2010 మొదట్లో పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఢిల్లీ నుంచి స్త్రీల ఆరోగ్య సంస్థ ‘సమ’ సభ్యులు మార్చిలో భద్రాచలం వెళ్లి విచారించారు. పత్రికలు, పార్లమెంటు, ఆందోళనలు. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్నీ పరిశీలించింది. ఒకరికి పాముకాటు. ఒకరు నీళ్లలో మునిగి పోయారు. పురుగుమందు తాగినవాళ్లున్నారు. జ్వరాలతో పోయినవాళ్లున్నారు. టీకా వల్ల అని చెప్పడానికి ఏ ఆధారమూ దొరకలేదు. నేను డాక్టరుగా ఈ నిర్ణయాన్ని ఒప్పుకుంటాను.

కానీ అదే సంఘం అంగీకారం తీసుకున్న తీరులో లోపాలున్నాయని రాసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా చీవాట్లు పెట్టింది. ఇక్కడే మా వృత్తివాళ్లు ఒక పొరపాటు వాదన చేస్తుంటారు. “మరణాలకు టీకా కారణం కాదని తేలిందిగా, ఇక గొడవేమిటి?” అంటారు. గొడవ ఉంది. పాముకాటుతో పోయిన పిల్ల తల్లి, తన పిల్లకు ఏదో సూది వేశారని ఆ తర్వాత తెలుసుకుంటే, ఏ సంఘం ఏం రాసినా నమ్ముతుందా? ముందే చెప్పి, ఆమె సరేనన్నాక వేసి ఉంటే, పాము సంగతి పాముగానే ఉండేది. టీకా మీదికి వచ్చేది కాదు. అంగీకార పత్రం కంపెనీని కాపాడే కాగితమని చాలామంది అనుకుంటారు. ఖమ్మంలో అది సరిగ్గా ఉండి ఉంటే టీకానే కాపాడేది.

ఆ తర్వాత ఈ దేశంలో ఏ ఆరోగ్య మంత్రీ హెచ్‌పీవీ పేరెత్తడానికి సాహసించని రోజులు చాలా గడిచాయి. భూటాన్ 2010లోనే తన ఆడపిల్లలకు వేసుకుంది. రువాండా 2011లో మొదలుపెట్టి నూటికి తొంభై మందికి పైగా వేయగలిగింది. మనం చూస్తూ కూర్చున్నాం. 2009లో పదేళ్ల పిల్ల ఇవాళ ఇద్దరు పిల్లల తల్లి. ఆమెకు ఇక టీకా వయసు దాటిపోయింది, మిగిలింది పరీక్షే.

4

ఇందులో ఒక వింత ఉంది, వినండి. ఖమ్మం ప్రాజెక్టు నడుస్తున్నప్పుడే, దానితో సంబంధం లేకుండా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో వేరే అధ్యయనం చేస్తోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది తేల్చడానికి. ఇరవై వేల మందికి వేయాలని అనుకున్నారు. 2010 ఏప్రిల్ ఉత్తర్వుతో అది కూడా ఆగిపోయింది. అప్పటికి పదిహేడు వేల పైచిలుకు పిల్లలకు మొదలైంది. వాళ్లలో దాదాపు ఐదు వేల మందికి ఒక్క డోసే పడింది. తర్వాత డోసు వేసే వీలు లేదు.

పరిశోధకులు ఆ పిల్లలను వదిలేయలేదు. పెళ్లిళ్లయి ఊళ్లు మారినా వెతుక్కుంటూ వెళ్లి, ఏళ్ల తరబడి పరీక్షించారు. 2021లో పదేళ్ల ఫలితాలు వచ్చాయి. 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు పడినవాళ్లకు కూడా 95 శాతం రక్షణ. రెండు, మూడు డోసులవాళ్లతో సమానం. కెన్యాలో, కోస్టారికాలో వచ్చిన ఫలితాలు కూడా దీనికి తోడయ్యాయి. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు చాలనవచ్చని ప్రకటించింది. పేద దేశాలకు ఇది సగానికి సగం ఖర్చు మిగిల్చింది. మన పిల్లలకు మధ్యలో ఆగిన టీకా లోకానికంతటికీ జవాబు చెప్పింది.

దీన్ని విజయగాథగా చెప్పడానికి నాకు మనసొప్పదు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది స్త్రీలతో జరిగిన ఇంకో పెద్ద అధ్యయనం కూడా ఇలాంటిదే. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఈ క్యాన్సర్ మరణాలు సగం తగ్గుతాయని అది 2009లో తేల్చింది. పరీక్ష చేసిన గుంపులో 34 మంది, ఏ పరీక్షా చేయని గుంపులో 64 మంది పోయారు. పరీక్ష పనిచేస్తుందని మనకు చెప్పింది ఆ 64 మంది. వాళ్ల రక్తం, వాళ్ల ఊళ్లు మన దేశానివి. అక్కడ తేలిన సంగతి అందుకున్న స్త్రీలు ఈ దేశంలో ఇప్పటికీ చాలా తక్కువ. అంత తీసుకున్నాక తిరిగి ఇవ్వడం దానం కాదు, బాకీ.

5

టీకా మీద నమ్మకం పోవడం మన ఒక్కరికే జరగలేదు. జపాన్‌లో టీకా వేయించుకున్న కొందరు అమ్మాయిలు నొప్పులతో, వణుకుతో ఉన్న దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. 2013 జూన్‌లో ప్రభుత్వం తనంతట తాను సిఫార్సు చేయడం మానేసింది. డెబ్బై శాతం దగ్గరున్న టీకాలు ఒక శాతం లోపుకి పడిపోయాయి. నగోయా నగరంలో ముప్పై వేల మంది జవాబులు పరిశీలిస్తే టీకా వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ ఆ లక్షణాల్లో తేడా కనపడలేదు. అయినా ప్రభుత్వం మళ్లీ నోరు విప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది.

ఐర్లండ్‌లో కూడా ఇలాగే 87 శాతం నుంచి యాభై దగ్గరకు దిగింది. అక్కడ లారా బ్రెనన్ అనే పాతికేళ్ల అమ్మాయి, నయం కాని దశలో ఈ క్యాన్సర్ బయటపడ్డాక, ఆరోగ్య శాఖకు తానే కబురు పెట్టింది. “నా ముఖం వాడుకోండి” అన్న ధోరణిలో టీవీల్లో, పోస్టర్లలో కనిపించింది. 2019 మార్చిలో చనిపోయింది. ఆ లోపే తల్లులు మళ్లీ పిల్లలను తీసుకురావడం మొదలైంది. ఆమె గణాంకాలు చెప్పలేదు. తన కథ చెప్పి, నిర్ణయం తల్లులకు వదిలేసింది.

మన దేశంలోనూ సరిగ్గా చేసినవాళ్లున్నారు. సిక్కిం 2018లో బడుల ద్వారా మొదలుపెట్టి నూటికి 95 మందికి పైగా వేసింది. ముందు ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, మతపెద్దలతో, విలేకరులతో మాట్లాడాకే సిరంజీ బయటికి తీశారు.

ఇక ఫలితాల మాట. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా పడిన తొలి తరం అమ్మాయిల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసు ఒక్కటీ కనపడలేదని 2024లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. ఒక్కటీ! మా వృత్తిలో సున్నా అనే అంకె చాలా అరుదుగా వినిపిస్తుంది కాబట్టి రెండుసార్లు చెబుతున్నాను.

6

మన దగ్గర ఇప్పుడు దారి తెరుచుకుంది. పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన సెర్వవాక్ టీకా 2023 జనవరిలో వచ్చింది. 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి ప్రకటించారు. మందు ఉంది, డబ్బుకు మాట ఉంది. మాట్లాడేవాళ్లు కావాలి, అంటే ఈ సభకు వచ్చిన నర్సింగ్ విద్యార్థినులు, ఆశా కార్యకర్తలు, మీరు.

తల్లులు ఏం అడుగుతారో మీకు తెలుసు. పిల్లలు పుట్టకుండా చేసే సూదా? కాదు. గర్భధారణ మీద దీని ప్రభావం లేదు, దేశదేశాల్లో కోట్ల డోసులు పడ్డాక చెబుతున్న మాట. ఇంకా పెద్దమనిషి కూడా కాలేదు, ఇప్పుడే ఎందుకు? వైరస్ తగలకముందే వేయాలి కాబట్టి. వేశాక ఏమవుతుంది? చేయి నొప్పి పెడుతుంది, ఒళ్లు వెచ్చబడొచ్చు. కొందరు పిల్లలు సూది భయానికి కళ్లు తిరిగి పడతారు. అందుకే వేశాక పావుగంట కూర్చోబెట్టాలి. గోడకు ఆనుకుని నిలబెట్టొద్దు, బెంచీ మీద కూర్చోబెట్టండి. ఒక పిల్ల పడిపోతే మిగతా ముప్పై మందీ బెదిరిపోతారు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. టీకా వేసుకుంటే ఇక క్యాన్సర్ రాదా? రాదని అనొద్దు. కొన్ని రకాలు మిగిలి ఉంటాయి, ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవాలని చెప్పండి. ఈ చివరి జవాబు చెబితే టీకా మానేస్తారేమోనని కొందరు దాచిపెడతారు. దాచొద్దు. పూర్తిగా చెప్పిన మాటను జనం పదేళ్లు గుర్తుంచుకుంటారు.

పిల్లను కూడా అడగండి. పన్నెండేళ్ల పిల్లకు అర్థం కాదనుకుంటాం. నా అనుభవంలో తల్లి కంటే మంచి ప్రశ్నలు వేసేది ఆ పిల్లే.

పరీక్ష గురించి కూడా చెప్పి ముగిస్తాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసేది చాలా చిన్న పని. పలుచటి వెనిగర్ ద్రావణాన్ని దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. మత్తు లేదు, కోత లేదు. మచ్చ కనిపిస్తే చాలావరకు అక్కడే చల్లబరచిగానీ, వేడితోగానీ తీసేయొచ్చు. గర్భసంచి జోలికి వెళ్లనవసరం లేదు. ఎవరైనా తెల్లబట్టకు సంచీ తీసేయాలంటే, “ముందు ఆ పరీక్ష చేశారా?” అని అడగమని మీ వీధిలో నలుగురికి చెప్పండి.

ఈ సభకు వచ్చిన ప్రధానోపాధ్యాయులకూ, హాస్టల్ వార్డెన్లకూ చేతులు జోడించి ఒక మనవి. టీకా బృందం మీ బడికి రావడానికి వారం ముందే తల్లులను పిలిపించండి. రాలేని గూడేలకు ఏఎన్ఎంను పంపమని పట్టుబట్టండి. వాళ్ల ప్రశ్నలు అయిపోయేదాకా కూర్చోండి. ఎవరైనా వద్దంటే ఆ పిల్లను విడిగా నిలబెట్టకండి, ఇంకో నెలకు మళ్లీ అడగండి. ఎంత తొందర ఉన్నా, పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా, తల్లి పెట్టాల్సిన చోట మీరు సంతకం పెట్టకండి.

ముప్పై దాటి ఇంతవరకూ ఒక్కసారీ పరీక్ష చేయించుకోని అక్కచెల్లెళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. నర్సింగ్ విద్యార్థినులు గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టుకుని కూర్చుంటారు. వెళ్లేటప్పుడు పేరు రాయించి వెళ్లండి.